చేవెళ్లలో గజ్జెలు మోగాలి

రండి, కూర్చోండి. చలి మొదలైంది, టీ పొయ్యి మీదే ఉంది. కొన్నాళ్లుగా నా మనసులో ఒక కోరిక తిరుగుతోంది, అది మీతో చెప్పుకోవాలి. చేవెళ్లలో ఒక నాట్య ప్రదర్శన పెట్టాలి. దాని మీద వచ్చిన డబ్బు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ కేర్ వార్డుకు ఇవ్వాలి. జబ్బు ముదిరి, ఇక నయం కాదని తేలినవాళ్లకు నొప్పి తగ్గించి, పుండ్లు కడిగి కట్టు కట్టి, ఇంటివాళ్లకు ధైర్యం చెప్పే వార్డు అది. మన రాష్ట్రంలో సర్కారు దవాఖానాల్లో ఇలాంటి సేవ ముందుగా మొదలైన చోట్లలో చేవెళ్ల ఒకటి. ఆ ఊరి పేరు చెప్పగానే క్యారెట్లు, టమాటాలు, రోడ్డు పక్క మర్రిచెట్లు గుర్తొస్తాయి గానీ ఈ సంగతి చాలామందికి తెలియదు.

డబ్బే కావాలంటే రసీదు పుస్తకం పట్టుకుని చందాలు అడగొచ్చు కదా, మధ్యలో ఈ ఆట, పాట ఎందుకు అంటారేమో. నా కోరికంతా ఆ ఆట మీదే. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

హైదరాబాదు నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో, మొయినాబాదు మండలంలో చిలుకూరు ఉంది. ఉస్మాన్ సాగర్ ఒడ్డున బాలాజీ గుడి. మీరు వెళ్లే ఉంటారు. హుండీ లేని గుడి, వీసా బాలాజీ అని పేరు, ఇవన్నీ అందరూ చెప్పుకునేవే. నాకు ఇష్టమైంది అక్కడి స్థలపురాణం. ఏటా తిరుపతి వెళ్లే భక్తుడొకాయన ఒక ఏడాది జబ్బుపడి కదలలేకపోయాడు. వెళ్లలేకపోయానే అని కుమిలిపోతుంటే స్వామి కలలో కనిపించి, నువ్వు అంత దూరం రావద్దు, నేను ఇక్కడే నీ దగ్గరి అడవిలోనే ఉన్నాను అన్నాడట. ఆ చోటు వెతికి పుట్ట తవ్వుతుంటే గొడ్డలి తగిలి నెత్తురు వచ్చింది. ఆవుపాలతో పుట్టను తడిపితే శ్రీదేవి, భూదేవులతో స్వామి బయటపడ్డాడు. కథలో ఆ భక్తుడి జబ్బు నయమైందా లేదా అన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లేవలేనివాడి దగ్గరికి దేవుడే లేచి రావడం మీదే కథంతా నిలబడింది.

నాకు ఈ పాలియేటివ్ కేర్ పని తెలిశాక చిలుకూరు కథ మరింత దగ్గరైంది. ఆ సేవలో సగం పని వార్డులో జరగదు, ఊళ్లలో జరుగుతుంది. ఆసుపత్రికి రాలేనివాళ్ల ఇంటికి నర్సమ్మ బండెక్కి వెళ్తుంది. గుడిసెలో నులక మంచం పక్కన కూర్చుని ఎక్కడ నొప్పి, రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నావు అని అడుగుతుంది. పక్కమీద పడి ఉండటం వల్ల వీపు మీద వచ్చే పుండు ఎలా కడగాలో కోడలికో కొడుక్కో చూపిస్తుంది. అవసరమైతే డాక్టరు మార్ఫిన్ రాస్తారు. చాలా చౌకైన మందు అది. అయినా 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం పెట్టిన అనుమతుల చిక్కుల్లో ఏళ్ల తరబడి మామూలు రోగికి అందలేదు. 2014లో ఆ చట్టాన్ని సవరించాక దారి కొంత సులువైంది.

మళ్లీ చిలుకూరుకే వస్తాను. మొదటిసారి మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా ఉండటానికి చేతిలో చిన్న అచ్చుకాగితం, దాని మీద అంకెల గళ్లు. ఒక్కో చుట్టుకు ఒక్కో గడి పెన్నుతో కొట్టేస్తూ నడుస్తారు. ఆదివారం పొద్దున వెళ్లి ఆ జనాన్ని చూడండి. ఇంజినీరింగు పిల్లలు చకచకా సాగిపోతుంటే, వాళ్ల పక్కనే గోడ పట్టుకుని ఒక పెద్దమ్మ నడుస్తూ ఉంటుంది. అలాంటి ఒకామెను నేను ఆపి, మోకాళ్లు నొప్పి పెట్టడం లేదా అమ్మా అని అడిగాను. "నొస్తయి బిడ్డా. ఇంట్ల కూసుంటే గూడ నొస్తయి. ఈడ నడుస్తుంటే నా కాళ్లు నావే అనిపిస్తది" అంది. కాగితం మీద ఆమె గళ్లు అడ్డంగా, వంకరగా కొట్టేసి ఉన్నాయి. కొన్నిచోట్ల పెన్ను పడక కాగితానికి చిరుగు పడింది.

నా కాళ్లు నావే. నేను చెప్పాలనుకుంటున్నదంతా ఆ పెద్దమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. పెద్ద జబ్బు వస్తే ఒళ్లు మనది కాకుండా పోతుంది. స్కానింగు వాళ్లది, సెలైను సీసాది, రక్తపరీక్షలది, పరామర్శకు వచ్చి పైనుంచి కిందకి చూసే చుట్టాలది అయిపోతుంది. మందు జబ్బును పట్టుకుంటుంది, పట్టుకోవాలి కూడా. కానీ పోయిన ఒంటిని మనిషికి తిరిగి అప్పగించే పని మందు ఒక్కటే చేయలేదు. అక్కడ నడక కావాలి, ఆట కావాలి, ఆ అడుగు వెనక ఒక నమ్మకం కావాలి.

ఇది నా ఊహ కాదు. మన హైదరాబాదులోనే దీనికి నిండు సాక్ష్యం ఉంది. ఆనందా శంకర్ జయంత్ గారి పేరు వినే ఉంటారు. భరతనాట్యం, కూచిపూడి రెండూ తెలిసిన విదుషి. శంకరానంద కళాక్షేత్ర నడుపుతున్నారు, రైల్వేలో పెద్ద ఉద్యోగం చేశారు, 2007లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ మరుసటి ఏడే, 2008లో, రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఏ ఇంట్లోనైనా ఆ మాట పడగానే ఏమవుతుందో మీకు తెలుసు. ఆవిడ మాత్రం ఒక నిర్ణయం తీసుకున్నారు. జబ్బు దారిన జబ్బు పోతుంది, నా నాట్యం దారిన నా నాట్యం సాగుతుంది అని. ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే గజ్జె కట్టారు. కీమో, రేడియేషన్ నడుస్తుండగానే ఆడారు. ప్రదర్శనల తేదీలు చూసుకుని దానికి తగ్గట్టు చికిత్స రోజులు సర్దమని డాక్టరును వేధించారట. ఆయన తల పట్టుకున్నారని ఆవిడే చెప్పారు. 2009లో మైసూరులో జరిగిన టెడ్ సభలో ఈ సంగతులన్నీ చెప్పారు. ఆ ప్రసంగం ఇప్పటికీ దేశదేశాల క్యాన్సర్ రోగులు వింటున్నారు.

ఆ ప్రసంగంలో నన్ను పట్టుకున్నది ధైర్యం ఒక్కటే కాదు. ఆవిడ మహిషాసురమర్దినిని తన లోపలికి తీసుకున్న తీరు. పద్దెనిమిది చేతులతో యుద్ధానికి సిద్ధమై సింహమెక్కిన దుర్గ. చిన్నప్పటి నుంచి వేదిక మీద ఆ దుర్గను అభినయించిన మనిషి ఆవిడ. మనందరికీ గుళ్లో బొమ్మగా తెలిసిన దేవత ఆవిడకు మెడ తిప్పడంలో, చూపు నిలపడంలో, మోకాలు వంచడంలో తెలుసు. కష్టం వచ్చినప్పుడు ఆ దేవత పుస్తకంలోంచి రానక్కర్లేదు, ఒంట్లోంచే లేచింది. ఆ సింహాన్ని తన లోపలి బలంగా చూసుకున్నారు. భక్తి అంటే తలవంచి దండం పెట్టడమే అనుకుంటాం. ఏళ్ల తరబడి సాధన చేసిన ఒంట్లో భక్తి కండరంలా పెరుగుతుందని ఆవిడను చూశాక నాకు నమ్మకం కలిగింది.

సింహం మాట వచ్చింది కాబట్టి సింహనందిని అనే నృత్యం గురించి చెప్పకుండా ఉండలేను. చూడకపోతే ఎప్పుడైనా తప్పకుండా చూడండి. వేదిక మీద రంగుపొడి పరుస్తారు. దాని మీద పల్చని తెల్లగుడ్డ బిగించి కప్పుతారు. నర్తకి ఆ గుడ్డ మీదకు వచ్చి సింహనందన తాళంలో ఆడుతుంది. 108 తాళాల్లోకీ పెద్దది అది, ఒక్క ఆవర్తనానికి 128 అక్షరాలు. తాళం తిరిగొచ్చేదాకా మనసులో లెక్క జారకూడదు. పైన చేతులు, కళ్లు అమ్మవారిని కొలుస్తుంటాయి. కింద మడమ ఒకసారి, మునివేళ్లు ఒకసారి, పాదం అంచు ఒకసారి గుడ్డను తొక్కుతూ, రాస్తూ పోతాయి. ముఖం మన వైపే ఉంటుంది గనక కిందకి చూసుకోవడానికి వీలుండదు. అంతా అయ్యాక గుడ్డ ఎత్తి నిలబెడితే దాని మీద జూలు విదిల్చిన సింహం! పూర్వం గుళ్లలో అమ్మవారి సేవగా చేసేవారు. మరుగున పడిన ఈ నృత్యాన్ని, నెమలిని గీసే మయూర కౌత్వాన్ని సి.ఆర్. ఆచార్యులు గారు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆనందా శంకర్ గారు తన క్యాన్సర్ కథ చెప్పాక ఆడిన నాట్యం పేరూ సింహనందినే. ఇంతకంటే తగినది ఉంటుందనుకోను. తొక్కుతున్నంతసేపూ ఏం రూపు తేలుతోందో కనబడదు. అయినా లెక్క తప్పకుండా అడుగు వేస్తూ పోవాలి.

మన ముందు తరానికి ఇంకో పేరు బాగా గుర్తు. సుధా చంద్రన్. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం, కాలికి చిన్న గాయం, దాన్ని సరిగా చూడక కుళ్లు పట్టి చివరికి కాలే తీసేశారు. జైపూరు కాలు పెట్టించుకుని, నెత్తురు కారుతున్నా సాధన చేసి, 1984లో మళ్లీ వేదిక ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావు గారు ఆ కథతోనే 1985లో 'మయూరి' తీశారు. ఆమె పాత్ర ఆమే వేసింది. ఆ సినిమా చూసి బయటికొస్తూ కళ్లు తుడుచుకోని ఆడపడుచు లేదు. బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపు జరిగే ప్రమాదాల వార్త చదివినప్పుడల్లా నాకు ఆ సినిమానే మెదులుతుంది. పోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. కాలో చెయ్యో పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ల సంగతి మర్నాటి పేపర్లో ఉండదు. నేను పెట్టాలనుకునే ప్రదర్శనకు వాళ్లనూ పిలవాలి.

వేదిక ఎక్కే నాట్యమే దిక్కనడం లేదు నేను. ఈ నేల మీద జబ్బుకీ, ఆటకీ, మొక్కుకీ చుట్టరికం చాలా పాతది. బోనాల కథ తీసుకోండి. 1813లో జంటనగరాల్లో మహమ్మారి చెలరేగి వేలమంది పోతుంటే, ఉజ్జయినిలో ఉన్న మన సైనికులు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారని, ఊరు చల్లబడితే గుడి కట్టి కొలుస్తామన్నారని చెబుతారు. ఆ మొక్కే ఇవాళ్టి సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతర. ఆషాఢంలో నెత్తిన బోనమెత్తుకుని, వేపకొమ్మలు పట్టుకుని, డప్పు దరువుకు అడుగేస్తూ మన ఆడవాళ్లు పోచమ్మ గుడికి పోతారు. మొయినాబాదు, చేవెళ్ల పల్లెల్లోనూ అంతే. తండాల్లో శీత్లా భవానికి మొక్కి బంజారా అక్కచెల్లెళ్లు ఆడతారు, పాడతారు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా రోగాల పాలుకాకుండా చూడమని. అంటువ్యాధికి మందులేని రోజుల్లో భయంతో ఇంట్లో ముడుచుకుని కూర్చోకుండా, ఊరంతా కలిసి వీధిలోకి వచ్చి ఆడిన జనం వీళ్లు.

డాక్టర్లూ ఈ వైపు చూస్తున్నారు. వాషింగ్టన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో మేరియన్ చేస్ అనే నర్తకి 1942 నుంచే రోగులతో నాట్యం చేయించింది. న్యూయార్క్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం 2001లో పార్కిన్సన్స్ రోగులకు తరగతులు మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాళ్లు, తాళం వినబడితే మళ్లీ అడుగు తీస్తారు. అదే న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం అచ్చువేశారు. శరీరంతో చేసే పనుల్లో నాట్యం అలవాటున్నవాళ్లకే మతిమరుపు జబ్బు తక్కువగా వచ్చిందని అందులో తేలింది. నాట్యం వల్లే రాలేదా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నాట్యం చేస్తున్నారా అన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేలదు. అయినా దాన్ని పక్కన పెట్టలేం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నాట్యం క్యాన్సర్‌ను పోగొట్టదు. ప్రదక్షిణలూ పోగొట్టవు. ఆనందా శంకర్ గారు ఆపరేషన్ చేయించుకున్నారు, కీమో తీసుకున్నారు, రేడియేషన్ తీసుకున్నారు, ఆ పైన ఆడారు. మొక్కు పెట్టుకుని మందు మానేసిన మనిషిని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోవాల్సినవాళ్లు చెట్టు మందనీ, తాయెత్తనీ తిరిగి తిరిగి, చివరికి ఈ వార్డుకు చేరుతారు. మన ప్రదర్శనలో మైకు పట్టుకున్నవాళ్లు ఈ మాట చెప్పకపోతే ఆ ప్రదర్శన దండగ.

ఇక అసలు ఏర్పాట్లు మాట్లాడుకుందాం. మొయినాబాదు రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. కానీ నాకు హాలు వద్దు. అద్దె, ఏసీ, అలంకరణ అని డబ్బంతా అక్కడే పోతుంది. రోగుల పేరు మీద వసూలు చేసి పూలదండల మీద ఖర్చుపెట్టే పని మనం చేయకూడదు. చేవెళ్లలో ఏదో ఒక బడి మైదానం అడుగుదాం. జనవరిలో, వాన భయం లేని రోజుల్లో పెడదాం. ఖర్చెంత, మిగిలిందెంత అన్నది ఆ రాత్రే మైకులో చెప్పేయాలి.

పద్దులో ఒక ఖర్చు మాత్రం తగ్గించడానికి నేను ఒప్పుకోను. అది వాద్యగాళ్ల పారితోషికం. సేవా కార్యక్రమం అనగానే మృదంగం వాయించే ఆయన్నీ, పాడే ఆవిడనూ, వయొలిన్, వేణువు వాళ్లనూ ఉచితంగా రమ్మని మొహమాటపెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. నర్తకికి పేరొస్తుంది, నిర్వాహకుడికి పుణ్యమొస్తుంది. వాళ్లకు ఆ సాయంత్రం కూలి పోతుంది. ఒకరి ఇంటి కూడు తీసి ఇంకొకరికి పెట్టడం దానం కాదు.

రోగులను వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి, పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడం కూడా వద్దు. చాలా సభల్లో ఇది చూస్తాం. జుట్టూడిన తలతో ఆ మనిషి సిగ్గుపడుతూ నిలబడతాడు, మనం చప్పట్లు కొడతాం. దానికి బదులు ప్రదర్శన మధ్యలో పావుగంట తీసి, అందరం కలిసి ఆడదాం. కుర్చీలో కూర్చున్నవాళ్లు కుర్చీలోనే. చేయి ఒక్కటే కదిలేవాళ్లు చేయి ఒక్కటే. కూచిపూడి నేర్చుకునే పిల్లలు మైదానంలోకి దిగి, ఒక్కొక్కరి ముందు కూర్చుని మూడు ముద్రలు చూపిస్తారు. పతాకం, అలపద్మం, మృగశీర్షం. అలపద్మానికి వేళ్లు విచ్చుకోవడం చూడటానికి సులువుగా ఉంటుంది గానీ, పక్షవాతం వచ్చిన చేతికి అది పెద్ద సాధన. ఆ తర్వాత బతుకమ్మ చుట్టు. అది ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. చక్రాల కుర్చీని కూడా ఆ చుట్టులో తిప్పొచ్చు. చప్పట్ల లెక్క తప్పినా ఎవరూ ఏమీ అనరు.

చివరి అంశంగా సింహనందిని ఉండాలని నా ఆశ. ఆ సింహం తేలిన గుడ్డను వేలం వేయాలని ఎవరైనా అంటారు, నాకు తెలుసు. వేలం వద్దు. దాన్ని వార్డు గోడకు కట్టమందాం.

డబ్బు దేనికి వాడాలో వార్డు నర్సులను అడిగితే చెబుతారు, మనం ఊహించనక్కర్లేదు. నాకు తెలిసినంతలో గాలి పరుపులు కావాలి. పక్కమీద ఉన్నవాళ్లకు వీపు పుండ్లు పడకుండా కాపాడేవి అవే. పెద్దవాళ్ల డైపర్లు, దూది, గాజుగుడ్డ, వాకర్లు. రోగి వెంట ఉండే మనిషికి రెండు పూటలా అన్నం. ఆ తోడున్న మనిషి రోజు కూలి మానుకుని వచ్చి ఉంటాడు, అతని ఆకలి ఏ లెక్కలోనూ రాదు. బండికి డీజిలు. ఇంటింటికీ తిరిగే బండి ఆగితే సేవే ఆగిపోతుంది.

టీ చల్లారిపోతోంది, తాగండి. మీకు తెలిసిన నాట్యాచార్యులు ఎవరైనా వికారాబాదు, శంకర్‌పల్లి వైపు ఉంటే నాకు చెప్పండి. పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులతో ముందే మాట్లాడాలి. ప్రదర్శన సాయంత్రం ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు అయిపోవాలి. ఉపన్యాసాలు రెండుకు మించకూడదు. రోగులు అంతకంటే ఎక్కువసేపు కూర్చోలేరు. తాండూరు, పరిగి వైపు వెళ్లేవాళ్లకు బస్సు దొరకాలి. వార్డులో రాత్రి డ్యూటీకి వచ్చే నర్సమ్మ కనీసం ఒక్క కూచిపూడి తరంగమైనా చూసి వెళ్లాలి. అందుకే ఇత్తడి పళ్లెం మీద తరంగాన్ని మొదట్లోనే పెట్టమని అడుగుదాం.